షాక్ ట్రీట్‌మెంట్ బదులు నూనె చుక్కలు సరిపోతాయా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మకు 54 ఏళ్లు. ఆరు నెలలుగా డిప్రెషన్. రెండు రకాల మందులు మార్చినా తగ్గలేదు. మూడు వారాలుగా సరిగా తినడం లేదు. డాక్టరుగారు ఈసీటీ (షాక్ ట్రీట్‌మెంట్) చేద్దామన్నారు. ఈసీటీ వల్ల మెదడులో ఎండోకన్నాబినాయిడ్లు పెరుగుతాయని నెట్‌లో చదివాను. అలాంటప్పుడు కరెంటు దేనికి, గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె చాలదా? పది రోజులుగా రాత్రిళ్లు నాలుగు చుక్కలు వేస్తున్నాను.

జవాబు: నన్ను కంగారు పెట్టింది నూనె కాదు, ‘సరిగా తినడం లేదు’ అన్న మాట. నీళ్లైనా తాగుతున్నారా? ‘నేనుండి ఏం లాభం’ అంటున్నారా? అవేవీ రాయలేదు. నీళ్లు కూడా మానేసినా, అలాంటి మాట ఒక్కసారి అన్నా ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి.

మీరు చదివింది పూర్తిగా తప్పేం కాదు. గంజాయిలో ఉండేలాంటి పదార్థాలను మెదడు తనే తయారుచేసుకుంటుంది. ఎండోకన్నాబినాయిడ్లంటే అవే. అందులో ఒకటి, 1992లో కనిపెట్టిన ఆనందమైడ్, ‘ఆనందం’ అన్న మాటతోనే పేరు పెట్టుకుంది. ఈసీటీ తర్వాత వెన్ను నీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో) అది పెరిగినట్టు కొద్దిమంది రోగుల మీద చేసిన అధ్యయనంలో కనిపించింది. ఎలుకల మెదడు ముందు భాగంలో మాత్రం తగ్గింది! జబ్బు తగ్గడానికి అదే కారణమని ఇంకా తేలలేదు.

ఇక ఆ నూనె. సీబీడీకి ఫిట్స్‌ను అణచే గుణం ఉంది. ఈసీటీ పనిచేసేదే మత్తులో ఉండగా కాసేపు ఫిట్స్ రప్పించి. మీ చుక్కలు దానికి అడ్డుపడొచ్చు, వాడుతున్న మందుల స్థాయిని రక్తంలో పెంచనూ వచ్చు. పైగా ఆన్‌లైన్ సీసాలో నిజంగా ఏముందో ఎవరికి తెలుసు? చదువుకున్నవారే ఇలా చేస్తే ఏమనాలి బాబూ! చుక్కలు ఆపండి. సీసా పారేయకుండా, లేబుల్‌తో సహా మీ డాక్టరుకీ అనెస్తీషియా డాక్టరుకీ చూపించండి. దాచొద్దు.

కరెంటు అంటే భయం సహజం. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. ఫిట్స్ సాధారణంగా నిమిషం లోపే ఆగిపోతాయి. ఆ వారాల జ్ఞాపకాలు కొన్ని చెదరొచ్చు, కొందరికి ఎక్కువగానే. అమ్మగారి గుండె, బీపీ చూడకుండా నేను ఇక్కడినుంచి చేయించమనీ వద్దనీ చెప్పలేను. ఆ నిర్ణయం ఆవిడను చూస్తున్న డాక్టరుదీ, మీదీ.

చేయిస్తే మాత్రం, మత్తు ఇస్తారు కాబట్టి ఆ పొద్దున ఏమీ పెట్టకండి. కొందరు ఇంటివాళ్లు వారాల తరబడి తినని మనిషి చేత సరిగ్గా ఆ రోజే ‘పాపం నీరసంగా ఉంది’ అని పాలు కలిపిన కాఫీ తాగించి తీసుకొస్తారు. మేం వాయిదా వేసి పంపాల్సి వస్తుంది.