పొదుగువాపుకు కలబంద లేపం పనిచేయట్లేదంటే

కలబంద లేపం రోజుకు రెండుసార్లు రాసినా గేదె పొదుగువాపు తగ్గలేదన్నారు, హోమియో చుక్కలు వేయొచ్చా అని కూడా అడిగారు. రెండుసార్లు చాలదు, తేడా అక్కడే ఉన్నట్టుంది.

1. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) చెప్పే కొలత: కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15. రుబ్బితే ఎర్రటి ముద్ద అవుతుంది. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ముందు వాచిన చన్నులో పాలు పూర్తిగా పిండేయాలి. పొదుగు కడిగి, గుప్పెడు ముద్దను నీళ్లలో పలచగా కలిపి పొదుగంతా పూయాలి. రోజుకు 8–10 సార్లు, 5 రోజులు. విసుగే మరి, ఇంట్లో వంతులు వేసుకోండి. పిండిన పాలు దూడకు పట్టొద్దు, కొట్టంలో పారబోయొద్దు.

3. జ్వరం వచ్చినా, మేత మానేసినా, పాలలో రక్తం పడినా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ఇక హోమియో చుక్కల సంగతి, పొదుగువాపుకు అవి పనిచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు. వాటికోసం పశువైద్యుడు రాసే యాంటీబయాటిక్ ఆలస్యం చేయకండి.