‘వాడి వల్ల ఉపయోగం ఏమిటి?’ అని అడిగితే ఏం చెప్పను?

ప్రశ్న: నా వయసు 27. తమ్ముడికి 22. వాడికి డౌన్ సిండ్రోమ్ ఉంది. మాట అంత స్పష్టంగా రాదు, లెక్కలు రావు, కానీ తన పనులు తనే చేసుకుంటాడు. నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అతనికి వాడి సంగతి చెప్పాను. ‘మనకు పుట్టే పిల్లలకూ వస్తుందా?’ అని అడిగాడు. కాసేపాగి, ‘ఏమీ అనుకోకు, ఇలాంటివాళ్ల వల్ల ఎవరికైనా ఉపయోగం ఏముంటుంది?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అతని తల్లిదండ్రులు వచ్చే రోజున తమ్ముణ్ణి ఎక్కడికైనా పంపేద్దామని, ముందు పెళ్లి కానిమ్మని అమ్మానాన్న అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అతను అడిగిన మొదటి ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి జవాబు కూడా ఉంది.

21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సింది మూడు ఉండటం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుంది. ఈ సంగతి 1959లో ఫ్రాన్స్‌లో బయటపడింది. నూటికి 95 మందిలో దీనికి కారణం ఒకటే. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు విడిపోకుండా ఉండిపోతాయి. అది వంశంలో నడిచేది కాదు. మీ తమ్ముడిది ఈ రకమే అయితే, మీ పిల్లలకు వచ్చే అవకాశం మీ వయసున్న మిగతా ఆడవాళ్లకు ఉన్నంతే. నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రం 21వ క్రోమోజోమ్ మరో క్రోమోజోమ్‌కు అతుక్కుని ఉంటుంది. దీన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఇది కొన్నిసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి తమలో ఉందని వాళ్లకే తెలియదు. అందుకని మీ తమ్ముడి కేరియోటైప్ రిపోర్టు, అంటే క్రోమోజోముల పరీక్ష రిపోర్టు, వెతికి తీయండి. లేకపోతే రక్తపరీక్షతో మళ్లీ తెలుసుకోవచ్చు. ట్రాన్స్‌లొకేషన్ అని ఉంటే మీరూ ఆ పరీక్ష చేయించుకుని వంశపారంపర్య సమస్యలపై సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. రిపోర్టు చూడకముందే భయపడొద్దు, ‘ఏమీ కాదులే’ అని అతనికి మాటా ఇవ్వొద్దు.

ఇక రెండో ప్రశ్న. ఇలాంటి మాట విన్నప్పుడు ఎవరికైనా గబుక్కున సాధించినవాళ్ల పేర్లు చెప్పాలనిపిస్తుంది. స్పెయిన్‌లో పాబ్లో పినెడా డిగ్రీ చదివి నటుడయ్యాడు. అదే దేశంలో మార్ గాల్సెరాన్ 2023లో వాలెన్సియా ప్రాంతీయ చట్టసభలో అడుగుపెట్టారు. ఇద్దరికీ డౌన్ సిండ్రోమ్ ఉంది. వాళ్ల గురించి అతనికి తెలిస్తే మంచిదే. కానీ ఆ పేర్లను మీ తమ్ముడి తరఫున సాక్ష్యంగా పెట్టకండి. అలా పెడితే, ఏదో ఒకటి సాధిస్తేనే మనిషికి విలువ అని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. మీ తమ్ముడు చట్టసభకు వెళ్లడు, లెక్కలూ నేర్చుకోకపోవచ్చు. అయినా ఆ ఇంట్లో అతని స్థానం మీ స్థానం కంటే ఒక మెట్టు కూడా కింద లేదు. తన బామ్మ మంచాన పడితే ఆవిడ వల్ల ఉపయోగం ఏమిటని మీ స్నేహితుడు అడగడు కదా. మీ తమ్ముడి విషయంలో మాత్రం ఎందుకు అడగాలనిపించిందో అతన్నే ఆలోచించుకోమనండి.

‘దేవుడి బిడ్డ, కల్లాకపటం తెలియనివాడు’ అని సమర్థించడం కూడా నాకు నచ్చదు. ఇరవై రెండేళ్ల మనిషికి కోపం వస్తుంది, అలుగుతాడు, ఎవరైనా నచ్చుతారు, అవసరమైతే చిన్న అబద్ధమూ ఆడతాడు. నెత్తిన పెట్టుకుని పూజించినా, పక్కకు నెట్టేసినా, అతన్ని మనలో ఒకడిగా చూడనట్టే.

మీ స్నేహితుడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. 1980ల మొదట్లో అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు సగటున 25 ఏళ్లు బతికేవారు. ఇప్పుడు 60 ఏళ్ల దాకా బతుకుతున్నారు. క్రోమోజోములు అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. అప్పట్లో ‘ఎందుకులే’ అని చాలామందికి ఆపరేషన్ చేసేవారు కాదు. ఇంటికి దూరంగా ఆశ్రమాల్లాంటి చోట్ల వదిలేసేవారు. తర్వాత ఆపరేషన్లు చేశారు, ఇంట్లో పెంచారు, బడికి పంపారు. ఉపయోగం లేదని ముందే తేల్చేసిన ఆ రోజుల్లో ఎంతమంది పోయారో! వైకల్యం ఉన్నవాళ్లకు అందరితో సమానంగా చట్టపరమైన గుర్తింపు ఉండాలని ఐక్యరాజ్యసమితి ఒప్పందం చెప్పింది 2006లో. అంత ఆలస్యం ఎందుకైందో అర్థమవుతుంది.

మీ అమ్మానాన్నల మీద కోపం తెచ్చుకోకండి. ఇన్నేళ్లుగా జనం చూపులు వాళ్లే భరించారు. కానీ తమ్ముణ్ణి దాచే పనికి మీరు ఒప్పుకోవద్దు. పెళ్లయ్యాక తెలిస్తే మోసం చేశారంటారు, ఆ మాట కాదనడానికీ ఉండదు. పైగా తనను ఎందుకు పంపేశారో మీ తమ్ముడికి అర్థమవుతుంది. మాట స్పష్టంగా రాకపోతే మనసుకు తెలియకుండా పోదు. ఇంతకీ అక్క పెళ్లి మాటలు జరుగుతున్నాయని అతనికి చెప్పారా? ఆ రోజు అక్కడ ఉంటావా అని ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో నాకు అది కనబడలేదు.

ఒక్క మాట పట్టుకుని ఆ అబ్బాయిని వదులుకోమని నేను చెప్పను. తెలియక అడిగేవాళ్లూ ఉంటారు, తేలిక భావంతో అడిగేవాళ్లూ ఉంటారు. పెద్దవాళ్లు రాకముందే ఒకసారి అతన్ని తమ్ముడితో కూర్చోబెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. తమ్ముడితో నేరుగా మాట్లాడుతున్నాడా, పక్కనున్న మిమ్మల్ని అడుగుతున్నాడా చూడండి. తర్వాత కూడా అదే ప్రశ్న అడిగితే మాత్రం, ఈ సంబంధం గురించి మీరు మళ్లీ ఆలోచించుకోవాలి.

మీరు రాయనిది ఒకటుంది. అమ్మానాన్నల తర్వాత తమ్ముడు ఎవరి దగ్గర ఉంటాడు? మీ స్నేహితుడి అసలు భయం అదే కావచ్చు, మీదీ అదే కావచ్చు. మీరు ఎంతవరకు చూసుకోగలరో, తమ్ముడికి ఎక్కడ ఉండాలని ఉందో, అతని పేరున ఏం ఏర్పాటు చేయాలో పెళ్లికి ముందే నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ నలుగురిలో తమ్ముడు ఒకడు. చిన్న చిన్న వాక్యాల్లో అడగండి. అతను జవాబు చెప్పడానికి టైం తీసుకుంటే మధ్యలో అందుకోకండి.