రెండు నిమిషాల హార్మోను, వారమంతా ఉండే మందు

ప్రశ్న: నా వయసు 46. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. బరువు తగ్గాలని, స్నేహితురాలి సెమాగ్లూటైడ్ పెన్నులో మిగిలిన మందు రెండు వారాలుగా వేసుకుంటున్నాను. ఇది మన పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోను లాంటిదేనట. దాని నిర్మాణం, పని వివరిస్తారా? ఒంట్లో ఉండేదే కనుక హాని ఉండదు కదా? మూడు రోజులుగా పైకడుపులో నొప్పి, వాంతులు. గ్యాస్ మాత్రలతో నెట్టుకొస్తున్నాను.

జవాబు: మొదట రాయవలసింది చివర రాశారమ్మా. హార్మోను సంగతి తర్వాత, ముందు ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి వీపులోకి పాకుతుంటే మరీ ఆలస్యం వద్దు. ఈ మందుతో క్లోమం వాయడం అరుదే కానీ, కొట్టిపారేయలేం. పిత్తాశయంలో రాళ్లూ కారణం కావచ్చు. చూడకుండా నేను తేల్చలేను. క్లోమం వాపును పట్టిచ్చే లైపేజ్ రక్తపరీక్ష, అవసరమైతే స్కాన్ చేస్తారు. గ్యాస్ మాత్ర నొప్పిని కప్పిపుచ్చుతుందే కానీ కారణాన్ని తీసేయదు. తిన్నది నిలవనప్పుడు గ్లిమెపిరైడ్ వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగి, షుగర్ చూసుకోండి. తర్వాతి ఇంజెక్షను వద్దు.

జీఎల్‌పీ-1 ముప్పై అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. పేగుల చివరి భాగాల్లోని ఎల్-కణాలు ప్రోగ్లూకగాన్ అనే పెద్ద ప్రోటీన్‌ను కత్తిరించి దీన్ని తయారుచేస్తాయి. మనం తినగానే విడుదలై, రక్తంలో గ్లూకోజు పెరిగితేనే ఇన్సులిన్‌ను పెంచుతుంది, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ హార్మోనును తగ్గిస్తుంది. జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని, ఆకలిని కూడా తగ్గిస్తుంది. అయితే డీపీపీ-4 అనే ఎంజైము గొలుసు మొదట ఉన్న హిస్టిడిన్, అలనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలను తుంచేస్తుంది. రెండు నిమిషాల్లోపే సగం హార్మోను పనికిరాకుండా పోతుంది.

మందులో ఆ అలనిన్ స్థానంలో వేరే అమైనో ఆమ్లాన్ని పెట్టారు, ఎంజైముకు పట్టు దొరకదు. పక్కన తగిలించిన కొవ్వు ఆమ్లపు తోక రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటుంది. అందుకే సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. "ఒంట్లో ఉండేదే" అన్న వాదన ఇక్కడ చెల్లదు. ఈరోజు మానేసినా దాని ప్రభావం కొన్ని వారాలు ఉంటుంది.

ఇక ఆ పెన్ను. ఈ మందును సాధారణంగా 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెల తర్వాత పెంచుతాం. మీ స్నేహితురాలు ఏ మోతాదులో ఉన్నారో మీకు తెలుసా? సూది మార్చినా సరే, ఒకరి పెన్ను మరొకరు వాడకూడదు. రక్తం వెనక్కి కార్ట్రిడ్జ్‌లోకి చేరవచ్చు, హెపటైటిస్ వంటివి అంటవచ్చు. ఆ పరీక్షల గురించీ అడగండి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక అరుదైన రకం) వచ్చి ఉంటే ఈ మందు ఇవ్వం. ఆ సంగతి ఎవరూ అడగకుండానే మీరు మొదలుపెట్టారు.

పెన్నును సిగ్గుపడి పారేయకండి. వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.