మోగని ఫోన్ల లెక్క: మేనల్లుడికి ఒక ఉత్తరం

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వానలు మొదలవగానే మీ అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులూ మొదలయ్యాయి, అది ఏటా ఉన్నదే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు సేకరించిన నలభై మూడు పాత ఫోన్లనూ ఒక్క దెబ్బతో అమ్మేసి చేతులు దులుపుకుంటానన్నావు. భీమవరంలో ఇంటి అద్దె పెరిగింది, పిల్లవాడి బడి ఫీజు పెరిగింది, పోయిన నెల ఇంగ్లండు నుంచి తెప్పించిన ఫోనుకు అసలు ధర కంటే పార్సిలు, కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ కలిపితేనే ఎక్కువైందని రాశావు. మానెయ్యి నాయనా. మామయ్య బతిమాలి ఆపుతాడని ఎక్కడో ఆశపడి ఉంటే, నేను ఆ పని చెయ్యను. కానీ మానడానికి ఒక వరస ఉంది. ఆ వరస తెలియక ఆరేళ్ళ కిందట నేనెలా మానేశానో నీకెప్పుడూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

అప్పట్లో ఇంటి పైకప్పు కారుతోంది, చేతిలో డబ్బు లేదు. ఎవరో చెబితే ఒకాయన వ్యాను వేసుకుని వచ్చాడు. ఇరవై ఆరు ఫోన్లకు కలిపి ఒకటే ధర చెప్పాడు. నేను బేరం కూడా ఆడలేదు. ఒక్కో ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పబోతే, "అవన్నీ ఎందుకండీ" అన్నాడు. అక్కడే ఆగాల్సింది. ఏడాది తరవాత రావులపాలెం దాటాక జాతీయ రహదారి పక్కన ఒక హోటల్లో భోజనానికి దిగాం. గల్లాపెట్టె పక్కన నల్ల ఫోను ఉంది. రిసీవరు చెవి వైపు అంచు కాస్త విరిగితే నేనే లక్కతో అతికాను, ఆ మరక చూసి నాదేనని గుర్తుపట్టాను. లోపలి సరంజామా అంతా పీకేసి బల్బు పెట్టారు. డయల్ రంధ్రాల్లోంచి పసుపు వెలుతురు వస్తోంది. "ఎంత ముచ్చటగా ఉందో చూడండి" అంది మీ అత్తయ్య, పాపం తెలియక. నాకు అన్నం సహించలేదు. ఆ హోటలువాళ్ళ తప్పేమీ లేదు, డబ్బు పెట్టి కొనుక్కున్నారు. అమ్మినవాణ్ణి నేను.

అందుకని చెబుతున్నాను. కొనడం ఆపడం ఒక పని, ఉన్నవి అమ్మడం వేరే పని. రెండూ ఒకే నెలలో పెట్టుకోకు. ముందు కొనడం ఆపు. రాత్రి పదకొండింటికి పక్కమీద చేతిఫోనులో పాత ఫోన్ల బొమ్మలు చూడటం ఆపు, సగం ఖర్చు అక్కడే పుడుతుంది. సంక్రాంతి దాకా ఒక్కటి కూడా కొనకుండా ఉండగలిగితే అప్పుడు అమ్మకం సంగతి ఆలోచించు. ఉండలేకపోతే ఇవి అమ్మిన డబ్బుతో వేరేవి కొంటావు, అంతకంటే ఏమీ జరగదు. నాకు తెలుసు, రెండుసార్లు ఆ పనే చేశాను. అందులో ఒకసారి వచ్చిన పార్సిలును మీ అత్తయ్యకు కనబడకుండా వారం రోజులు ధాన్యం బస్తాల వెనక దాచాను. ఎలుక దాని గుడ్డ తొడుగు తీగను కొరికింది. దొంగతనానికి తగిన శాస్తి.

ఇక లెక్క. నువ్వు రాసిన లెక్కలో కొన్న ధరలు మాత్రమే ఉన్నాయి. అవి లెక్కలో చిన్న ముక్క. 1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లూ ఫోను స్తంభాలూ కలిసి నేలకొరిగాయి, నీకప్పుడు పాలపళ్ళు. ఆ తరవాత పాత సామాను చిత్తు కింద వేలానికి వెళితే, ఇనప సామాను కొట్లో నేను ఫోన్లను కిలోల లెక్కన కొన్నాను. ఇప్పుడు ఒక్క డయల్ కావాలంటే ఆనాటి పది కిలోల డబ్బు ఇవ్వాలి. పైగా ఒక ఫోను బాగుచెయ్యడానికి మూడు పాడైనవి కొంటాం. ఆ మూడింట్లో ఒకటి పరవాలేదనిపిస్తుంది, దానికోసం మరో రెండు. నీ నలభై మూడులో నిజంగా నువ్వు కావాలనుకుని కొన్నవి ఎన్నో, విడిభాగాల కోసం వచ్చి కూర్చున్నవి ఎన్నో ఒక కాగితం మీద వెయ్యి. పదిహేను దాటితే నాకు ఆశ్చర్యమే.

ఆపైన మన డెల్టా గాలి. బెంగళూరులోనో హైదరాబాదులోనో అల్మరాలో పెట్టి మరిచిపోతే చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. శ్రావణం నుంచి కార్తికం దాకా గంటలకు చిలుము పడుతుంది, మరలకు తుప్పు పడుతుంది, మాట్లాడే వైపు కార్బన్ గుళికలు చెమ్మకు గడ్డకట్టి గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. అరచేతితో రెండు తట్లు తడితే కొన్నాళ్ళు మళ్ళీ పలుకుతుంది, అంతే. డయల్ సంగతి నీకు చూపించాను కదా. సున్నా తిప్పి వదిలితే పది పల్సులు, అంటే తీగలో కరెంటు పది సార్లు తెగి కలవడం, వెళ్ళాలి, సెకనుకు పది చొప్పున. అంటే వేలు తీశాక "కిర్ర్" మని సరిగ్గా ఒక సెకను. ఆశ్వయుజం వచ్చేసరికి నా ఫోన్లలో సగం ఆ సున్నాకు సెకనున్నర తీసుకునేవి, ముసలివాళ్ళు మెట్లెక్కినట్టు. నలభై మూడు ఫోన్లు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించడానికి ఏడాదికి ఎన్ని ఆదివారాలు పోతున్నాయి? అమ్మాయిని అడుగు, నీకంటే బాగా చెబుతుంది.

ఇప్పుడు దీనికి తోడు రాగి తీగ పోయి ఫైబర్ వచ్చింది. చాలా ఫైబర్ పెట్టెలకు డయల్ పల్సులు లెక్కపెట్టడం రాదు. బయటి నుంచి ఫోనొస్తే ఎత్తి మాట్లాడగలం, మనం తిప్పితే మాత్రం ఎక్కడికీ పోదు. పల్సును బటన్ల ఫోను చేసే టోనుగా మార్చే పరికరం విడిగా కొనాలి. ఫోనుకొకటి అనుకుంటావేమో, ఒక్కటి చాలు, మార్చి మార్చి పెట్టుకోవచ్చు. ఎన్ని ఫోన్లున్నా నువ్వు మాట్లాడేది ఒక్కదాంట్లోనే కదా.

అమ్మే రోజు వచ్చినప్పుడు మొదట పక్కన పెట్టాల్సినవి నీకు ఊరికే ఇచ్చినవి. వాటిని అమ్మకు. ఇచ్చినవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి తిరిగివ్వు, వద్దంటే అప్పుడు నీ ఇష్టం. ఇది డబ్బు మాట కాదు. నా దగ్గర మండపేట నుంచి ఒక రైసు మిల్లు ఫోను ఉండేది, బ్రిటిష్ తపాలా శాఖవారి 300 రకం, అడుగున చిన్న సొరుగు ఉంటుంది చూడు, అది. ఆ సొరుగులో మడత పెట్టిన కాగితం. ఊదా సిరాతో కాకినాడ, మద్రాసు వ్యాపారుల నంబర్లు, కొన్నింటి పక్కన "పి.పి." అని. నీ తరానికి తెలియదు, సొంత ఫోను లేనివాళ్ళు పొరుగింటి నంబరు ఇచ్చి పక్కన అలా రాసేవాళ్ళు. పొరుగువాళ్ళు కేకేస్తే పరుగెత్తుకు వచ్చి మాట్లాడాలి. ఒక నంబరు కింద "భోజనాల వేళ చెయ్యవద్దు" అని రాసి ఉంది. వ్యానులో వెళ్ళినవాటిలో అది లేదు, అప్పటికే బాగుకోసం విప్పి ఉండటం వల్ల మిగిలింది. హోటల్లో దీపం చూసి వచ్చిన మర్నాడే దాన్ని బిగించి, మిల్లు యజమాని మనవరాలికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ ఫోను బల్లమీద పెట్టేసి ఆ కాగితమే చదువుతూ కూర్చుంది. తాత చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదట.

నీ సొరుగులన్నీ తీసి చూడు. దొరికిన కాగితాలు ఫోనుతో పాటే వెళ్ళాలి. ప్రతి ఫోనుకూ ఎక్కడిది, ఎప్పుడు వచ్చింది, ఏం బాగుచేశావు అని నాలుగు ముక్కలు రాసి లోపల పెట్టు. "అవన్నీ ఎందుకండీ" అనేవాడికి అమ్మకు.

ధరల మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. బెంగళూరులో ఫోన్లు చేసే ఐటీఐ, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1948లో మొదలైంది, ఆ నల్ల ఫోన్లు లక్షలకొద్దీ తయారయ్యాయి. నీ దగ్గర పదకొండు ఉన్నాయి. వాటిని ముందు వదులు, తక్కువకే వదులు, కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్ళకు. నీ ఆకుపచ్చ బ్రిటిష్ ఫోను వేరు. ఆ వరసలో నలుపు మామూలు, దంతపు రంగు కాస్త తక్కువ, ఎరుపు, ఆకుపచ్చ అరుదు. అమ్మే ముందు దాని అడుగు మూత విప్పి లోపలి గోడ చూడు. అసలైన దానిలో రంగు పదార్థంలోనే ఉంటుంది. లోపల నల్లగా ఉంటే పైన ఎవరో రంగు కొట్టారన్నమాట, అప్పుడు కొనేవాడికి ఆ మాట చెప్పే అమ్ము.

ఇంకొకటి, చాలాకాలంగా గొంతులో ఉంది. నువ్వు హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్న ఇత్తడి నిలువు ఫోను పాతది కాదు. అలంకారం కోసం మొరాదాబాద్ లాంటి చోట్ల అలాంటివి కొత్తగా పోతపోసి, పాతవాటిలా మసి పూసి అమ్ముతారు. నువ్వు కొన్న రోజున నీ ముఖం చూసి నోరు రాలేదు. అది ఇంట్లోనే ఉంచుకో, పూలకుండీ పక్కన బాగానే ఉంటుంది. పాతదని చెప్పి మాత్రం ఎవరికీ అంటగట్టకు.

గోడకు తగిలించే, పిడి తిప్పి కరెంటు పుట్టించే ఆ చెక్కపెట్టె మాగ్నెటో ఫోను వందేళ్ళ పైదేనని నా అంచనా. విదేశాల నుంచి ఎవరైనా ఎంత ఆశ చూపినా పంపకు. వందేళ్ళు దాటిన వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, ఆ చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు అలాంటివి దేశం దాటించకూడదు. నన్నడిగితే దాన్ని ఏదైనా హైస్కూలు సైన్సు మాస్టారికి ఇవ్వు. నేను ఒకటి అలా ఇచ్చాను. పిడి గట్టిగా తిప్పితే డెబ్బై ఎనభై వోల్టులు పుడతాయి, తీగ చివర్లు పట్టుకున్న పిల్లాడు ఎగిరి గంతేశాడు. ఆ రోజు వరసలో నిలబడని పిల్లాడు లేడు. మాస్టారికి మాత్రం గట్టిగా చెప్పు, వేళ్ళతో ఆటలు వద్దని. నేను చెప్పడం మరిచిపోయి చీవాట్లు తిన్నాను.

ఇక పార్సిలు కట్టడం విషయం. రిసీవరును ఫోను మీదే ఉంచి ఎప్పుడూ కట్టకు, దారి కుదుపులకు అదే సుత్తై ఫోను ఒంటి బేకలైట్‌ను, ఆ పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌ను, పగలగొడుతుంది. విడిగా గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. మనకు ఊరికే దొరుకుతుంది కదా అని కొబ్బరి పీచు దట్టించకు, అది చెమ్మ పట్టి ఉంచుతుంది, పొట్టు డయల్‌లోకి దిగుతుంది. పాత పేపర్లు చాలు.

అన్నీ పోయాక చేతులు ఊరుకోవు. నావీ ఊరుకోలేదు. ఇప్పుడు ఎవరి ఫోనైనా పాడైతే నా దగ్గరికి తెస్తారు, వరండాలో బల్లమీద విప్పుతాను, బాగయ్యాక వాళ్ళది వాళ్ళు పట్టుకుపోతారు. డబ్బు తీసుకోను. పోయిన వారం ఒకాయన ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చాడు. నాకు షుగరని తెలిసి మీ అత్తయ్య రెండే ఇచ్చింది. ఈ ఏడాది ఈ వ్యవహారం మీద నాకైన ఖర్చు ఒక సీసా గడియారం నూనె, రెండు గజాల మెత్తటి గుడ్డ. నీకు ఓపికుంటే ఆదివారాలు రా, ఇద్దరికీ సరిపడా పని ఉంది.

చివర్లో అడిగావు కదా, నీ పదో ఏట నేనిచ్చిన నల్ల ఫోను తిరిగి పంపించనా అని. పైన ఊరికే ఇచ్చినవి తిరిగివ్వమన్నాను, వద్దంటే నీ ఇష్టమనీ అన్నాను. నేను వద్దంటున్నాను. మన ఇంటి అటక మీద ఇప్పుడు మీ అత్తయ్య ఎండుకొబ్బరి పెట్టుకుంది, నా సామానుకు జానెడు చోటు కూడా మిగల్లేదు. దాన్ని నీ దగ్గరే ఉంచు. డయల్ బిగుసుకుంటే కోనసీమ వాళ్ళమని కొబ్బరినూనె పోసేవు, జిగురు పట్టి మొదటికే మోసం వస్తుంది. గడియారం నూనె, అదీ సూది మొనతో ఒక్క చుక్క.

అమ్మాయికీ పిల్లవాడికీ ఆశీస్సులు. మీ అమ్మకు నా ఫోను తియ్యమని చెప్పు, మూడు రోజులుగా చేస్తున్నాను.

ఇట్లు,
మామయ్య