మొదటి రోజు రీడింగ్ చూసి మురిసిపోకు

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ సాలిడ్ ఆక్సైడ్ సెల్ (అధిక వేడిలో ఇంధనం నుంచి కరెంటు తీసే పింగాణి సెల్) తొలి టెస్టులోనే అదరగొట్టిందని రాశావు. సంతోషమే. కానీ ఆ ఒక్క రీడింగ్ పట్టుకుని పేపరు రాయడానికి కూర్చోకు.

కాథోడ్‌కి వాడే ఎల్ఎస్‌సీఎఫ్‌నీ (లాంథనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిసిన ఆక్సైడ్), అయాన్లని మోసే వైఎస్‌జడ్‌నీ (యిట్రియా కలిపిన జిర్కోనియా) కలిపి 1000 డిగ్రీల పైన కాలిస్తే మధ్యలో స్ట్రాన్షియం జిర్కొనేట్ పొర కడుతుంది, ఆక్సైడ్ అయాన్లకు దారి మూసుకుపోతుంది. అందుకే కదా ముందు ఉత్త వైఎస్‌జడ్ గుల్లని గట్టిగా కాల్చి, తర్వాత దానికి ఆ కాథోడ్ లోహాల నైట్రేట్ ద్రావణం పట్టించి 800 దగ్గరే ఆపుతాం. మడత కాజాకి పాకం పట్టించడం లాంటిదే ఈ పని. పాకం ముదిరితే లోపలికి దిగదు, పైనే పంచదార పేరుకుంటుంది. నీ ద్రావణమూ అంతే. చిక్కగా ఉంటే, పట్టించి కాల్చే చుట్లలో ఒకటి తగ్గుతుందని ఆశపడకు. చుక్క వేశాక పైన మిగిలింది టిష్యూతో అద్ది తీసేయ్, తొందరపడకుండా ఆరనీ.

450లో కాల్చిన ప్రతిసారీ తూకం రాసుకో. (గోధుమరంగు పొగ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ పని పెట్టుకోకు.) చుట్టుచుట్టుకీ పెరిగే బరువు ఒక్కసారిగా పడిపోయిందంటే రంధ్రాల మూతులు పూడుకున్నట్టే.

లాంథనం నైట్రేట్ సీసాని మాత్రం నమ్మకు. అది గాలిలో తేమ పీలుస్తుంది. ఒక వానాకాలం లేబుల్ మీద ఉన్న ఫార్ములా చూసి తూచాను. ఎక్స్‌రేలో అక్కర్లేని పీకులు, రెండు నెలలు గంగలో కలిశాయి. అందులో కాస్త తీసి పూర్తిగా కాల్చి, ఎంత ఆక్సైడ్ మిగిలిందో చూసుకుని లెక్క కట్టు.

ఇక అసలు సంగతి. నానో రేణువులు వేడికి ఒకదాన్నొకటి కరుచుకుని లావెక్కుతాయి. అప్పుడు ఆక్సిజన్‌కి చోటు తగ్గుతుంది, నిరోధం పెరుగుతుంది. సెల్‌ని 700లో కనీసం పది రోజులు ఉంచి, రోజూ ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుతో కొలిచే నిరోధం) తీయి. సిమెట్రిక్ సెల్ (రెండు వైపులా ఒకే ఎలక్ట్రోడ్ ఉన్నది) అయితే వచ్చిన విలువని రెండుతో భాగించడం మర్చిపోకు, అందరం ఒకసారైనా చేసే పొరపాటే అది. కాంటాక్టుకి వెండి పేస్టు బదులు బంగారం పూయి. ఆ వేడిలో వెండి కదిలి కాథోడ్‌లోకి పాకుతుంది, ఆ మంచి రీడింగ్ ఎవరి పుణ్యమో తేలదు.

పది రోజులయ్యాక ఒక సెల్ విరిచి, ఎలక్ట్రొలైట్ (మధ్యలో అయాన్లు దాటే దట్టమైన పొర) పక్కన ఎలా ఉందో ఎస్ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) చూడు. వాడని సెల్ ఫొటో కూడా పక్కన పెట్టి నాకు పంపు.

మామయ్య