పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అడవికి ముందు రాళ్లగట్టు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఫోనులో చిరుతల వీడియోలు చూసి, కంబాలకొండ అడవికి తీసుకెళ్లమని, మంచి కెమెరా కొనిపెట్టమని రోజూ పేచీ పెడుతున్నాడు. ఈ ఆసక్తిని ఎక్కడ మొదలుపెట్టించాలో చెప్పగలరు.
— ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: కెమెరా సంగతి ఒక ఏడాది వాయిదా వేయండమ్మా. కెమెరా పట్టుకున్న పిల్లలు జంతువును చూడడం మాని ఫొటో కోసం వెతుక్కుంటారు. తప్పనిసరిగా ఏదైనా కొనవలసి వస్తే బైనాక్యులర్ కొనండి. దాని మీద 8×42 అని ఉంటే, వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. పది రెట్లు చూపేదానికి ఆశపడితే చేతి వణుకు కూడా పది రెట్లయి కనబడుతుంది.

కంబాలకొండ విశాఖను ఆనుకుని ఉన్న సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ చిరుతలున్న మాట నిజమే గాని, అటవీ శాఖ సందర్శకుల కోసం తెరిచి ఉంచిన భాగంలో టికెట్టు తీసుకుని నడిచేవారికి అవి కనబడవనే అనుకోవాలి. అనుమతి లేకుండా అంతకు మించి లోపలికి వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిరుత కోసమే వెళ్లి, చూడకుండా తిరిగొచ్చిన పిల్లవాడు రెండోసారి రానంటాడు. అందుకే నేనైతే ముందు సముద్రం ఒడ్డునున్న రాళ్లగట్టుకు తీసుకెళతాను.

అమావాస్య, పున్నమి రోజుల్లోను, వాటి తరువాత ఒకటి రెండు రోజులు ఆటు సమయంలో సముద్రం బాగా వెనక్కి తీస్తుంది. ఆ వేళ చూసుకుని తెన్నేటి పార్కు దిగువనో, రుషికొండ దగ్గరో రాళ్ల మధ్య నిలిచిన ఒక నీటిగుంట పక్కన మీ అబ్బాయిని కదలకుండా కూర్చోమనండి. మొదటి అయిదు నిమిషాలు ఏమీ కనబడదు. తరువాత ఒక గుల్ల నడవడం మొదలుపెడుతుంది; అది నత్త కాదు, చచ్చిన నత్త గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి పీత. పువ్వులా విచ్చుకుని ఉన్న సీ అనిమోన్ అనే జీవిని వేలితో తాకితే చటుక్కున ముడుచుకుంటుంది కనుక తాకకుండానే చూడాలి. నీరు దిగిపోయిన చోట అదే జీవి ఇసుకను, గుల్లముక్కలను ఒంటికి అంటించుకుని జిగురుముద్దలా ఉంటుంది. తెలియనివారు దానిని తొక్కుకుంటూ పోతారు. రాయిని తిప్పి చూస్తే మళ్లీ ముందున్నట్టే పెట్టాలి, ఎందుకంటే రాతి అడుగున నీడలో, తడిలో బతికే జీవులు ఎండ తగిలితే ఎంతోసేపు నిలవవు.

రాళ్లకు కరుచుకున్న గుల్లలు పాదాలను బ్లేడులా కోస్తాయి కాబట్టి బూట్లు వేయించండి. పెద్దవారెవరైనా తోడుండాలి, కెరటాలకు వీపు పెట్టకూడదు, పోటు మొదలు కాకముందే ఒడ్డెక్కాలి. విశాఖ సముద్రం ఈత వచ్చినవారిని కూడా లాగేస్తుందని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంటికి రాగానే తేదీ, వేళ, చూసినవి ఏమిటి, ఎన్ని అన్నది నోటుపుస్తకంలో రాయించండి. పేరు తెలియకపోతే తెలియదనే రాసి, బొమ్మ గీయాలి. అదే గుంటను పన్నెండు అమావాస్యలు చూసి రాస్తే, ఏ జీవి ఏ నెలలో మాయమవుతుందో, ప్లాస్టిక్ ఎప్పుడు ఎక్కువగా కొట్టుకొస్తుందో ఆ పుస్తకమే చెబుతుంది. పక్షుల మీదికి మనసు మళ్లితే, ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపులో మీ మేడ మీద నుంచే పాల్గొనవచ్చు. కనీసం పదిహేను నిమిషాలు లెక్కించి, పక్షుల వివరాలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు. కాకుల లెక్క కూడా లెక్కే.

ప్రశ్న: గత ఫిబ్రవరిలో తెల్లవారుజామున బీచ్‌లో నడుస్తుంటే పెద్ద సముద్ర తాబేలు చచ్చిపడి కనిపించింది. మేము నలుగురం స్నేహితులం వాటికోసం ఏదైనా చేయాలనుకుంటున్నాం. గుడ్లు దొరికితే ఇంటికి తెచ్చి, ఇసుక తొట్టిలో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదలవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: వదలకూడదు నాయనా, అసలు గుడ్లను ముట్టుకోనే కూడదు. మీరు చూసినది బహుశా ఆలివ్ రిడ్లే తాబేలు. దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉంది కాబట్టి, సదుద్దేశంతో తీసుకెళ్లినా నేరమే అవుతుంది. చట్టాన్ని పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది. గుడ్డు పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును పొర్లిస్తే పిండం చచ్చిపోతుంది. పైగా పుట్టేది ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయి. మీ తొట్టిలో ఆ లెక్క ఎవరు చూస్తారు?

మన తీరంలో ఇవి ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. తల్లి వెనుక కాళ్లతో గొయ్యి తవ్వి, వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస కొట్టినట్టు గట్టిపరచి వెళ్లిపోతుంది. ఆలివ్ రిడ్లే కుడి ఎడమ కాళ్లను మార్చి మార్చి వేస్తుంది కాబట్టి ఇసుకలో జాడలు ఒకదానికొకటి ఎదురుగా కాక, వంతులవారీగా పడతాయి. తెల్లవారకముందే ఆ జాడను గుర్తించడం నేర్చుకోండి. కనబడితే దాని మీద నడవకుండా, చుట్టూ జనం మూగకుండా చూస్తూ, వెంటనే అటవీ సిబ్బందికి కబురు చేయండి. వారు గుడ్లను తీరం వెంబడి ఏర్పాటు చేసిన సంరక్షణ కేంద్రాలకు తరలిస్తారు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ కేంద్రాల్లో చేయి అందించడానికి వీలుంటుందేమో సీజను మొదలు కాకముందే వెళ్లి అడగండి. తాబేలు పిల్లలను వదిలే రోజు కెమెరాలతో వచ్చేవారికి కొదవ ఉండదు గాని, చలిలో మూడు గంటలకు లేచి గస్తీ నడిచేవారు తక్కువ.

ఇంకొక పని మీ చేతిలోనే ఉంది. తాబేలు పిల్లలు రాత్రివేళ వెలుగుగా ఉన్న దిక్కుకు పాకుతాయి. సహజంగా అది సముద్రం మీది ఆకాశం, మన బీచ్ రోడ్డులో మాత్రం అది దీపస్తంభం. ఆ నెలల్లో తీరానికి ఎదురుగా ఉన్న లైట్లు ఆర్పమని హోటళ్లవారిని, అపార్ట్‌మెంటు సంఘాలను అడగండి. మీరు చూసిన తాబేలు మరణానికి కారణం చూడకుండా చెప్పలేను. అయితే తాబేలు గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి. ట్రాలర్ (వలను ఈడ్చుకుంటూ పోయే మరపడవ) వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. వలలో తాబేలు తప్పించుకునే దారిని అమర్చే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్ అందుకే వచ్చింది. దీని గురించి జాలరులతో మాట్లాడేటప్పుడు తప్పు పట్టే ధోరణిలో కాక, నేర్చుకునే ధోరణిలో వెళ్లండి. ఏ గాలికి ఏ నీటిలో తాబేళ్లు తేలుతాయో మీకన్నా వారికి బాగా తెలుసు.

ప్రశ్న: మా కళాశాలలో ఈ వానాకాలం ఎర్రమట్టి దిబ్బల మీద విత్తన బంతులు (విత్తనాలు కలిపి చుట్టిన మట్టి ఉండలు) చల్లాలనుకుంటున్నారు. మంచిదేనా?
— ఇంటర్ విద్యార్థిని, భీమిలి

జవాబు: వద్దమ్మా. ఎర్రమట్టి దిబ్బలు చెట్లు లేక పాడుపడిన నేల కావు; గాలి, నీరు, సముద్రమట్టం వేల ఏళ్లపాటు మలచిన భూమి కాబట్టే వాటిని భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడి తుప్పల్లో, గడ్డిలో బతికే పురుగులకు, పక్షులకు అదే ఇల్లు. పైగా బంతుల్లో తరచుగా సుబాబుల్ వంటి వేగంగా వ్యాపించే చెట్ల విత్తనాలు కలిసిపోతాయి. కళాశాలవారికి ఉత్సాహం ఉంటే, మీ ఆవరణలోనే కానుగ, నేరేడు, వేప మొక్కలు నాటి, వచ్చే రెండు వేసవులు నీళ్లు పోయడానికి పేర్లు ఇమ్మనండి. ఎందరు ముందుకొస్తారో నాకు ఉత్తరం రాయండి.