డాక్టరు దగ్గర దాచొద్దు

నాయనా,

పెద్దనాయన ఆశీస్సులు. నిన్న ఫోనులో అంగస్తంభన సమస్యకు వేసుకునే మాత్రల గురించి నువ్వు అడగలేక అడిగిన సంగతి నాకు అర్థమైంది. ఎదురుగా మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ మొహమాటమే, అందుకే రాస్తున్నా.

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ని. ఈ మాత్ర కోసం వచ్చేవాళ్లు జనం పోయిందాకా పక్కన నిలబడి, తర్వాత మడిచిన చీటీ చేతిలో పెట్టేవాళ్లు. ఒకసారి ఒకాయన డబ్బు తీయబోతే చొక్కా జేబులోంచి సార్బిట్రేట్ స్ట్రిప్పు బల్ల మీద పడింది. నాకు గుండె ఝల్లుమంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే ఆ మాత్రా, ఈ సిల్డెనాఫిలూ రెండూ రక్తనాళాలను వదులు చేసేవే. కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇవ్వనన్నాను. కోపంగా వెళ్లిపోయాడు.

నీకు గుండె మాత్రలు లేవు, సరే. కానీ ఇది వేసుకున్నాక ఛాతీలో నొప్పొస్తే వెంటనే ఆసుపత్రికి పో. ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేసుకున్నావో సిగ్గుపడకుండా చెప్పు. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, అదే పని చేసే టడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ పెట్టకూడదు. నువ్వు చెప్పలేని స్థితిలో ఉంటే కోడలు చెప్పాలి కదా, ఆ అమ్మాయికి కూడా తెలియనివ్వు.

తామరకు ఇట్రాకొనజోల్ వాడుతున్నానన్నావు. అది ఈ మందును ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు, డోసు ఎక్కువైనట్టే అవుతుంది. ప్రోస్టేటుకు ఇచ్చే టామ్సులోసిన్ లాంటివి తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు.

తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట మామూలే, తగ్గిపోతాయి. టడలాఫిల్‌తో నడుము నొప్పి కూడా రావచ్చు. అంగస్తంభన నాలుగు గంటలు దాటినా, చూపు ఉన్నట్టుండి తగ్గినా మాత్రం తెల్లారిందాకా ఆగొద్దు. సంకటి, నాటుకోడి పులుసు కడుపునిండా తిని సిల్డెనాఫిల్ వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. పనిచేయలేదని ఇంకోటి మింగొద్దు. మూలికల పొడి అని అమ్మే పొట్లాల జోలికి అసలు పోవద్దు, వాటిలో ఇదే మందు కలిపి అమ్మినవి పట్టుబడ్డాయి.

ఇంకోటి. షుగరు ఉన్నవాళ్లలో ఈ సమస్య గుండెజబ్బు కంటే ముందే కనిపించొచ్చు. అందుకే మాత్ర కంటే ముందు షుగరు, బీపీ, ఈసీజీ చూపించుకో.

సోమవారం కడపకు వస్తున్నా. నువ్వు వాడే స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి పెట్టు, డాక్టరు దగ్గరికి ఇద్దరం పోదాం. లోపలికి నువ్వొక్కడివే పో, నేను బయట కూర్చుంటా.

పెద్దనాయన